వైద్యకళాశాలలలో మన ఆడుబిడ్డల క్షేమము

చిక్కడపల్లినుండి యొక సోదరి మాకు జాబు వ్రాసిరి. ఆమె కుమార్తె వైద్యవిద్యలో మొదటి పట్టా పుచ్చుకొని, పై చదువునకు ప్రభుత్వ కళాశాలలో స్థానము సంపాదించుకొన్నది. ఇంటిల్లిపాదియు సంతోషింపవలసిన సమయమే. కాని వారమున రెండుమూడు రాత్రులు ఆసుపత్రిలోనే యుండి పనిచేయవలయునని తెలిసినది మొదలు ఆ యింట మాటలు తగ్గిపోయినవట. "మా మామగారు ఈ చదువింతటితో చాలునని పట్టుపట్టినారు. మావారు ఔననక, కాదనక, పత్రిక అడ్డము పెట్టుకొని కూర్చుండుచున్నారు. అమ్మాయి నా మొగము చూచుచున్నది. నేనేమి చెప్పవలయునో మీరే చెప్పుడు" అని యామె వ్రాసిరి.

ఆ జాబు నాలుగు దినములు మా బల్లమీదనే యుండెను. "భయపడకుడు, పంపుడు" అని వ్రాయుట సులభము. "కాలము మంచిది కాదు, మానిపింపుడు" అని వ్రాయుట అంతకన్న సులభము. ఈ రెండును తల్లికి పనికివచ్చు మాటలు కావు. అందుచేత ఈ నెల మా పుటలన్నియు ఈ ప్రశ్నకే విడిచితిమి. ఇది యొక యింటి ప్రశ్న కాదు. ఆడుబిడ్డను ఆసుపత్రికో, కళాశాలకో, వసతిగృహమునకో పంపు ప్రతి యింటి ప్రశ్న.

మొదట మన పేటల సంగతియే చూతము. బషీర్‌బాగు, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగరు, ఇవి చదువుల పేటలు. పైగా వంశీయుడగు ఆస్మాన్‌జా కట్టించిన మేడ కూలిపోయినను ఆ తోటపేరు మాత్రము బషీర్‌బాగునకు మిగిలినది. నిజాం కళాశాల 1887 నుండి యక్కడ నున్నది. మాడపాటి హనుమంతరావు పంతులుగారు 1928లో స్థాపించిన బాలికల పాఠశాల నారాయణగూడకు పేరు తెచ్చినది. అశోక్‌నగరు గ్రంథాలయము చుట్టుపట్ల నేడు ఏ సందులో చూచినను పరీక్షలకు చదువుకొను పిల్లలే. వారిలో ఊరుగాని యూరునుండి వచ్చి వసతిగృహములలో నుండు ఆడుపిల్లలెందరో.

గాంధీ వైద్యకళాశాల కూడ మన బషీర్‌బాగు బిడ్డయే. అది 1954లో హుమాయూన్‌నగరున మొదలై, 1958లో ఇక్కడకు వచ్చి, ముషీరాబాదులోని క్రొత్త ఆవరణకు తరలిపోవువరకు నాలుగు దశాబ్దములకు పైగా ఇక్కడనే యుండెను. ఆ కాలమున పాఠములు బషీర్‌బాగులో, ఆసుపత్రి సికిందరాబాదులో. విద్యార్థినులు పుస్తకములు చంకనిడుకొని రెంటినడుమ తిరుగుచు చదువుకొనిరి. నేడు మన వీధులలో మనకు మందులు వ్రాసియిచ్చు తలనెరసిన డాక్టరమ్మలలో ఆ దారిని తిరిగినవారును కొందరుందురు.

అంతకు చాల ముందే, 1846లో స్థాపితమైన హైదరాబాదు వైద్యపాఠశాలలో రూపాబాయి ఫర్దూన్‌జీ అను పారసీ కన్య 1885లో చేరి, 1889లో చదువు ముగించెను. రోగికి మత్తుమందిచ్చు విద్యలో లోకమునందలి తొలి స్త్రీలలో నొకతెగ ఆమె పేరుపొందెను. ఆ పాఠశాలయే నేటి ఉస్మానియా వైద్యకళాశాలకు మూలము. నూటనలుబది యేండ్ల క్రిందట ఆమె యింటివారు గడప దాటనీయక యుండినచో, మన నగరము చెప్పుకొనదగిన పేరు ఒకటి తక్కువయి యుండెడిది. నేడు వైద్యకళాశాల తరగతిలో దాదాపు సగము బల్లలు ఆడుపిల్లలవే. మన యిండ్లలో కాన్పులకు, మన పసిపాపల జ్వరములకు మనము వెదకుకొనునది ఆ పిల్లలనే.

ఐనను ఆ సోదరి మామగారి భయము వట్టిది కాదు. 2024 ఆగస్టు 9వ తేదీ యుదయమున కలకత్తాలోని ఆర్.జి. కర్ వైద్యకళాశాల ఆసుపత్రిలో, పై చదువు చదువుచున్న యొక యువవైద్యురాలు విగతజీవియై కనబడెను. ఆమె ముప్పదియారు గంటల వరుస పనిలో నున్నది. నడుము వాల్చుటకు తగిన విశ్రాంతి గది లేకపోవుటచే సభలు జరుపుకొను గదిలో పండుకొనినది. అక్కడ ఆమెపై అత్యాచారము జరిగి, ఆమె హతురాలయ్యెను. న్యాయస్థానము దోషిగ తేల్చినవాడు గోడదూకి వచ్చిన దొంగ కాడు. పోలీసువారికి సహాయకుడుగ పనిచేయుచు ఆసుపత్రిలో అడ్డులేక తిరుగ నలవాటుపడినవాడు. 2025 జనవరి 20న వానికి యావజ్జీవ కారాగారశిక్ష విధింపబడెను.

ఇది తెలిసినప్పుడు మాకు వెంటనే జ్ఞప్తికి వచ్చిన పేరు అరుణా షాన్‌బాగ్. ఆమె బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో నర్సు. 1973 నవంబరు 27వ తేదీ రాత్రి, పని ముగించి నేలమాళిగలో బట్టలు మార్చుకొనుచుండగా అక్కడి పారిశుధ్య పనివాడొకడు ఆమె మెడకు గొలుసు బిగించి దౌర్జన్యము చేసెను. ప్రాణము పోలేదు గాని స్మృతి పోయినది. 2015 మే 18న కన్నుమూయువరకు నలుబదియొక్క యేండ్లకు పైగా ఆమె ఆ ఆసుపత్రిలోనే మంచమున బడియుండెను. అన్నియేండ్లును ఆమెకు స్నానము చేయించి, అన్నము పెట్టి, ప్రక్క మార్చి, కంటికి రెప్పవలె కాచినది ఆ ఆసుపత్రి నర్సులే. ఉద్యోగమున చేరిన ప్రతి క్రొత్త నర్సును ఆమెను తమ యింటి మనిషిగనే యెంచెడిది. స్త్రీల స్నేహమున కింతకన్న గొప్ప నిదర్శనము మేమెరుగము. కాని ఆ సేవ యంతయు జరిగినతరువాతి సేవ. జరుగకముందు ఆ నేలమాళిగ తలుపునకొక గడియ, వాకిట నొక దీపము, వినబడు దూరమున నొక మనిషి యుండిన నెంత బాగుండెడిది!

ఈ రెండు ఘోరములకును నడుమ ఏబదియేండ్లున్నవి. బట్టలు మార్చుకొనుటకు భద్రమైన చోటు లేనిది ఒకతె. పండుకొనుటకు భద్రమైన చోటు లేనిది ఇంకొకతె. కలకత్తా సంగతిని తనంతట తానే విచారణకు తీసికొనిన సుప్రీంకోర్టు, 2024 ఆగస్టు 20వ తేదీన దేశమునంతకును వర్తించు నొక కార్యవర్గమును నియమించుచు, అరుణ పేరును తలచెను. రాత్రిపని చేయువారికి తగిన విశ్రాంతి గదులు లేవనియు, శుచియైన మరుగుదొడ్లు దూరముగ నుండుననియు, ఆసుపత్రినుండి వసతిగృహమునకు పోవ వాహనములు లేవనియు, పనిగంటలకు మేర లేదనియు, ఎవరు వచ్చిరో ఎవరు పోయిరో చూచు కాపలా చాలదనియు ఆ యుత్తరువులో చెప్పబడినది. ఉన్నత న్యాయస్థానము చెప్పిన యా మాటలను చదువునప్పుడు మాకు తోచినదేమనగా, ఇవియన్నియు ఏ గృహిణి యైనను ఒక్కసారి చుట్టి చూచి చెప్పగల సంగతులే యని.

కొంతకాలము క్రిందట మాకు బంధువగు నొక అమ్మాయిని చూచుటకు ఒక వైద్యకళాశాలకు పోతిమి. ఆ కళాశాల పేరు ఇచ్చట అవసరము లేదు. ఆవకాయజాడీ, కజ్జికాయల డబ్బా చేతికిచ్చి వచ్చునంతలో, "పిన్నీ, మేము రాత్రులు పండుకొను గది చూతురా" అని యా పిల్ల లోనికి తీసికొనిపోయెను. ఐదుగురికి రెండు మంచములు. తలుపునకు గడియ యున్నది గాని దాని మేకులూడి చాలదినములైనదట. "మరి రాత్రి తలుపెట్లు వేసికొందురే?" అని యడిగితిమి. మూలనున్న యినుపబల్లను చూపి, "దానిని తలుపునకడ్డముగ జరుపుకొందుము. ఎవరైన తోసిన చప్పుడుకు మెలకువ వచ్చును గదా" అని నవ్వెను. మరుగుదొడ్డి యింకొక నడవ చివర నున్నది. ఆ నడవలో దీపము కొట్టుకొనుచున్నది. వార్డునకును వసతిగృహమునకును నడుమ పెద్ద వేపచెట్టు, దానిక్రింద పట్టపగలే చీకటి. వాకిట నొక ముసలి కాపలావాడును, వచ్చినవారు పేరు వ్రాయవలసిన పుస్తకమును ఉన్నవి. మేము పేరు వ్రాయబోగా ఆయన, "ఎందుకమ్మా, పోండి" అని మర్యాదగనే పంపివేసెను.

ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. పిల్ల నవ్వినందునకే మాకెక్కువ దుఃఖము కలిగినది. గడియ లేకపోవుట ఆమెకు వాడుకయై పోయినది. ఇంట నైనచో నేమి చేయుదుము? పెరటి గడియ వదులైన ఆ సాయంకాలమే వడ్రంగిని పిలిపింతుము. మెట్లదగ్గర దీపము పోయిన మరునాటికి మరియొకటి తెప్పింతుము. తాళపుచెవులు ఎవరెవరిచేత నున్నవో మనకు లెక్క తెలియును. పాలవాడేవేళ వచ్చునో, క్రొత్త పనిమనిషి ఎవరి మాటమీద వచ్చినదో ఎరుగుదుము. పండుకొనబోవుముందు వీధితలుపు, పెరటితలుపు, గ్యాసు మర చూచివచ్చుట మనలో ననేకులకు నిత్యవ్రతము. ఇదంతయు భయముచేత చేయుట లేదు. ఇల్లు నిలుపుకొనుటకు చేయుచున్నాము. పెద్ద విద్యాలయపు ఆవరణమును నిలుపుకొనుటకును కావలసినది ఇదియే. కాకున్న ఇంటిలో "ఇది నా పని" యనువారొకరుందురు. అక్కడ అందరి పని యగుటచే ఎవరి పనియు కాకుండ పోవుచున్నది.

కావున మొదటిది తలుపు. రాత్రిపని చేయు స్త్రీలకు వేరుగ, లోపలినుండి గడియ పడు గది, దానికంటియే మరుగుదొడ్డి యుండవలయును. రెండవది దీపము. వార్డునుండి వసతిగృహమునకు పోవు దారిలో చీకటి మూల యొకటియు నుండరాదు; చెట్టుకొమ్మలు దీపమున కడ్డము రాకుండ కొట్టివేయవలయును. మూడవది మనిషి. కాపలావాడు ఉన్నాడనిపించుకొనుట చాలదు. శిక్షణ కలిగి, ఎవరిని లోనికి విడువవలయునో ఎరిగి, పిలిచిన రాగలవాడై యుండవలయును. స్త్రీలు కూడ కాపలావారిలో నుండవలయును. నాలుగవది వాహనము. నడిరాత్రి పని ముగిసిన పిల్లను "నడిచి పొమ్మ"ని పంపుట తగదు. ఐదవది కెమెరా. ఈ మధ్య దీనినే సర్వరోగనివారిణిగ చెప్పుచున్నారు. కెమెరా చేయి పట్టుకొని ఆపలేదు. చూచినదానిని జ్ఞాపకముంచుకొనును, అంతే. దాని చూపును అప్పటికప్పుడు కనిపెట్టియుండు మనిషి లేనిచో, అది గోడకు తగిలించిన గాజుకన్ను మాత్రమే.

తలుపు గురించి యింకొక మాట. అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయమున జీన్ క్లెరీ యను పందొమ్మిదేండ్ల విద్యార్థిని 1986 ఏప్రిల్ 5వ తేదీన తన వసతిగృహపు గదిలోనే హత్యకు గురియయ్యెను. చంపినవాడును అక్కడి విద్యార్థియే. ఆ గృహమునకు తమంతట తాము మూసుకొని తాళముపడు మంచి తలుపులే యున్నవి. కాని వచ్చిపోవు స్నేహితుల సౌకర్యముకొరకు లోపలివారే వానిని మూయబడకుండ అడ్డుపెట్టి యుంచిరి. హంతకుడు ఆ తెరచియుంచిన తలుపులగుండనే లోనికి వచ్చెను. కాబట్టి మన పిల్లలకు మనము చెప్పవలసినదియు గలదు: గడియ యుండవలయునని యడుగుడు, ఉన్న గడియను వేయుడు, ప్రక్కగది స్నేహితురాలి యాలస్యముకొరకు వీధితలుపును తెరచి వదలకుడు.

జీన్ తల్లిదండ్రులు ఏడ్చి యూరకుండలేదు. ఆ విద్యాలయమున అంతకుముందు జరిగిన నేరముల సంఖ్య తమకు తెలిసియున్నచో బిడ్డ నక్కడకు పంపియుండమని వారు వాదించిరి. వారి పట్టుదలవలన 1990లో అమెరికాలో నొక శాసనము వచ్చెను. ప్రభుత్వ ధనసహాయము పొందు ప్రతి విద్యాలయమును తన యావరణలో జరిగిన నేరముల లెక్కను ఏటేట ప్రకటింపవలయునని అది విధించినది. ఆ లెక్క చూచుకొని తల్లిదండ్రులు పిల్లలను పంపుకొనవచ్చును. మన దేశమున కళాశాలలు ఎంతమంది ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణులైనదియు పత్రికలలో పెద్దయక్షరములతో వేయింతురు. ఎన్ని ఫిర్యాదులు వచ్చినవి, ఎన్నింటికి పరిష్కారము జరిగినది మాత్రము వేయింపరు. ఫిర్యాదు వచ్చినదనిన పరువు పోవునని వారి భయము. కాని ఫిర్యాదును దాచిన కళాశాలకన్న ఫిర్యాదును తీర్చిన కళాశాలకే మేము మా బిడ్డను పంపుదుము.

మన దేశమునను ఇట్టి తండ్రి యొకరున్నారు. 2009 మార్చిలో హిమాచలప్రదేశమునందలి యొక వైద్యకళాశాలలో అమన్ కచ్రూ అను మొదటి సంవత్సరపు విద్యార్థి పై తరగతివారు ర్యాగింగు పేర కొట్టిన దెబ్బలకు మరణించెను. అతని తండ్రి పోరాటమువలనను, సుప్రీంకోర్టు ఆదేశములవలనను ఆ సంవత్సరమే విశ్వవిద్యాలయముల సంఘము కఠిన నిబంధనలు చేసెను. ఏవేళనైన పలుకు టెలిఫోను సహాయకేంద్రము వెలసెను. మన తెలుగునాట ర్యాగింగును నిషేధించు శాసనము 1997లోనే వచ్చినది. క్షేమమనగా పరాయివానినుండి రక్షణ మాత్రమే కాదు. గదిలో పీడించు పై తరగతివారు, పరీక్షలో మార్కులు చేతనుంచుకొని వంకరమాటలాడు గురువు, వీరును చీకటిదారివంటివారే.

ఇట్టివారిపై చెప్పుకొనుటకు 2013 నాటి శాసనము దారి చూపుచున్నది. పదిమందికి మించకున్నను, పదిమంది పనిచేయు ప్రతి స్థలమునను ఒక అంతరంగిక సంఘ ముండవలయును. దానికి అధ్యక్షురాలు స్త్రీయే. సభ్యులలో సగమునకు తక్కువగాక స్త్రీలే. బయటినుండి యొకరు సభ్యులుగ నుండవలయును. జరిగిన మూడు మాసములలోగ ఫిర్యాదు నీయవలయును. తగిన కారణమున్న గడువు పొడిగింపవచ్చును. విచారణ తొంబది దినములలో ముగియవలయును. ఈ శాసనమునకు బీజము 1997లో సుప్రీంకోర్టు చెప్పిన విశాఖ తీర్పు. రాజస్థానములో బాల్యవివాహమును ఆపబోయి దౌర్జన్యమున కెరయైన భన్వరీదేవి యను గ్రామసేవిక దుఃఖమునుండి అది పుట్టినది. మనము పేరైన ఎరుగని యా పల్లెటూరి సోదరి మన పట్టణపు బిడ్డలకు పెట్టిన భిక్ష యిది.

ఇక పనిగంటల మాట. నిద్రలేని మనిషికి ప్రమాదము కనబడదు. కనబడినను కాలు కదలదు. ముప్పదియారు గంటలు మేలుకొన్న పిల్ల ఏ బెంచీ దొరికిన దానిమీదనే ఒరగును. 1992లోనే కేంద్ర ప్రభుత్వము, ఆసుపత్రులలో చదువుచు పనిచేయు వైద్యుల నిరంతరపు పని సామాన్యముగ దినమునకు పండ్రెండు గంటలు మించరాదని చెప్పియున్నది. ఆ మాట కాగితమున నిలిచినంతగ వార్డులలో నిలువలేదు. న్యూయార్కు నగరమున 1984లో లిబ్బీ జయన్ అను పదునెనిమిదేండ్ల బాలిక ఆసుపత్రిలో చేరిన కొన్ని గంటలలో చనిపోయెను. ఆమెను చూచిన యువవైద్యులు మితిమీరిన పనిలో మునిగియుండిరని తండ్రి ఎలుగెత్తి చాటెను. దాని ఫలితముగ 1989 నుండి ఆ రాష్ట్రమున వారమునకు ఎనుబది గంటలు, వరుసగ ఇరువదినాలుగు గంటలు మించి యువవైద్యులచే పనిచేయింపరాదని నియమ మేర్పడెను. అనగా వైద్యురాలి నిద్ర ఆమె క్షేమము మాత్రమే కాదు. ఆమె చేతిలోని మన రోగి క్షేమము కూడ.

ఇంతవరకు ఇతరుల లోపములు చెప్పితిమి. ఇక మన లోపము చెప్పుకొనకున్న న్యాయము కాదు. ఆసుపత్రులలో వైద్యులపై చేయిచేసికొనువారెవరు? తరచుగ రోగుల బంధువులే. అనగా మన యిండ్లలోని మగవారే. 2020లో కరోనా వ్యాధి ప్రబలిన దినములలో గాంధీ ఆసుపత్రిలో రోగి చనిపోయినప్పుడు బంధువులు వైద్యులను కొట్టిరి. ఏప్రిలులో నొకమారు, జూనులో మరియొకమారు అట్లు జరుగగా, రెండవసారి యువవైద్యులు పని మాని రోడ్డుమీద కూర్చుండిరి. 2024 సెప్టెంబరులో, కలకత్తా ఘోరము జరిగి యింకను నెల గడచెనో లేదో, అదే గాంధీ ఆసుపత్రిలో చికిత్సకు వచ్చినవాడే యొక యువవైద్యురాలిని పట్టి యీడ్చెను. కత్తితో వచ్చువాడొక్కడే శత్రువని తలంచుట పొరపాటు. దుఃఖమున తెలివితప్పిన గుంపును శత్రువే యగును.

దీనికి 2008లోనే మన రాష్ట్రమున శాసనము చేయబడినది. నేడు రెండు తెలుగు రాష్ట్రములకును అదియే యాధారము. వైద్యసేవ చేయువారిపై హింసకు మూడేండ్లవరకు ఖైదు, ఏబదివేల రూపాయలవరకు జుల్మానా, ఆస్తినష్టమునకు రెట్టింపు సొమ్ము చెల్లింపవలయునని యందున్నది. అది జామీను దొరకని నేరము. కలకత్తా ఘటన తరువాత 2024 ఆగస్టు 16న కేంద్ర ఆరోగ్యశాఖవారు ఇంకొక కట్టడి చేసిరి: హింస జరిగిన ఆరు గంటలలోగ సంస్థ అధిపతియే పోలీసులకు ఫిర్యాదు చేయవలయును. దెబ్బతిన్న పిల్లయే ఒంటరిగ స్టేషనుకు పోయి మొరపెట్టుకొను దుర్గతి ఇందువలన తప్పవలయును.

కాని శాసనమున కంటె ముందు పనిచేయునది ఆ మంచముదగ్గర నున్న స్త్రీ మాట. అన్న చేయెత్తినపుడు చెల్లెలు, కొడుకు గొంతు పెంచినపుడు తల్లి అడ్డుపడిన ననేక సమయములలో గుంపు చల్లబడును. మన యింటివారికి జబ్బుచేసి ఆసుపత్రికి పోవునపుడు పదిమంది కట్టగట్టుకొని పోకుందుము, ఇద్దరు చాలుదురు. వైద్యుని ప్రశ్నలు మర్యాదగ నడుగుదము, జవాబుకొరకు ఆగుదము. త్రాగివచ్చిన బంధువును వాకిటనే నిలుపుదము. తెల్లకోటు తొడిగిన యా పిల్ల యింకొక యింట మన యమ్మాయివంటిదే యని జ్ఞాపకముంచుకొందము. వైద్యులవైపునను చేయవలసినది గలదు. రోగి స్థితిని ఎప్పటికప్పుడు బంధువులకు తేటమాటలలో చెప్పు మనిషి యొకరుండిన, సగము కొట్లాటలు పుట్టకముందే పోవునని మా నమ్మకము.

ఇక చిక్కడపల్లి సోదరికి మా సమాధానము.

అమ్మా, బిడ్డను చేర్పించుటకు పోవునాడు మీరును వెంట పొండు. ఫీజు కట్టు కిటికీదగ్గరనే నిలిచి తిరిగి రాకుడు. రాత్రిపని గది ఎక్కడనో చూపుమనుడు. గడియ వేసి చూడుడు. మరుగుదొడ్డి ఎంత దూరమో నడిచి చూడుడు. వసతిగృహపు దారిని చీకటిపడినతరువాత ఒకమారు నడువుడు. అంతరంగిక సంఘమున సభ్యులెవరో, వారి పేర్లు గోడమీద నున్నవో లేవో యడుగుడు. రాత్రివేళ పిలిచిన పలుకు బాధ్యతగల యధికారి యెవరో, వారి టెలిఫోను సంఖ్య యేదో వ్రాసికొనుడు. లోపము కనబడిన నోటిమాటతో విడువక ప్రిన్సిపాలుగారికి జాబు వ్రాసి, ప్రతి యొకటి యింట నుంచుకొనుడు. మీరొక్కరే అడిగిన "ఎవరో తల్లి" యందురు. పదిమంది తల్లులు కలిసి వ్రాసిన వడ్రంగి వచ్చును.

అమ్మాయికి మూడు సంగతులు కంఠస్థము చేయింపుడు. ఆపద వచ్చిన 112, పోలీసులకు 100, స్త్రీల సహాయమునకు 181. ఏ స్టేషనులోనైనను ఫిర్యాదు తీసికొనవలసినదే. "ఇది మా హద్దు కాదు, అచ్చటకు పొమ్ము" అనుటకు నేడు చట్టము ఒప్పుకొనదు. మన నగరమున 2014 అక్టోబరులో మొదలైన షీ టీములకు చెప్పుకొన్నచో, పేరు బయటపెట్టకుండ విచారించు వాడుక గలదు. అన్నిటికంటె ముఖ్యము, ఇంటికి చెప్పవచ్చునను ధైర్యము. "చెప్పిన చదువు మానిపింతురు" అని భయపడు బిడ్డ దేనిని చెప్పదు. మౌనమే దుర్మార్గునికి తాళపుచెవి. కావున, "ఏమి జరిగినను మాకు చెప్పుము, చెప్పినందుకు నీ చదువు ఆగదు" అని మీరును మీ వారును ఆమెకు మాట యిండు. మీ వారు పత్రిక ప్రక్కన పెట్టవలసిన సమయ మిదియే.

మామగారికి మా నమస్కారములు తెలిపి, ఒక్కమాట మనవి చేయుడు. ఆయన భయము ప్రేమనుండి పుట్టినది. దానిని మేము గౌరవింతుము. కాని ఆడుపిల్లలందరును భయపడి ఇండ్లకు మరలిపోయినచో, గడియ లేని యా గది గడియ లేకుండనే యుండును. వేపచెట్టు క్రింద చీకటి అట్లే యుండును. రేపు మన మునిమనుమరాలికి కాన్పు చేయ స్త్రీ యొకతెయు దొరకదు. పెద్దవారు కళాశాలవారిని గట్టిగ నడుగుటకు ఆయనవంటివారి కంఠమే కావలయును. ఆయనను కూడ వెంట తీసికొనిపొండు.

మా బంధువు అమ్మాయి సంగతి చెప్పి ముగింతుము. మేము వచ్చినతరువాత ఆమె తల్లియు, తోడివారి తల్లులు కొందరును కలిసి జాబు వ్రాసిరి. జవాబు రాలేదు. మరల వ్రాసిరి. మూడవ జాబునకు గది తలుపునకు క్రొత్త గడియ వచ్చినదట. నడవలో దీపమును మార్చినారట. వేపకొమ్మలు మాత్రమింకను కొట్టలేదు. తల్లులు నాలుగవ జాబు వ్రాయుచున్నారు.